పాత జీవితం లేని మనిషి

మా అల్లుడు జీవితంలో ఒక్క తప్పుడు పని కూడా చెయ్యలేదు. అతని కష్టాలన్నీ అక్కణ్ణుంచే మొదలయ్యాయి.

ఇది పొగడ్త అనుకోకండి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను ఆడపిల్లల హాస్టల్లో మేట్రన్‌ని. గోడ దూకే పిల్లల్ని, దూకి తిరిగొచ్చి ప్రార్థనలో ఉన్నామని చెప్పే పిల్లల్ని చూసి చూసి, ఎవరినీ తొందరపడి మెచ్చుకునే అలవాటు పోయింది. అల్లుడి గురించి కూడా సంబంధం ఖాయం చేసుకునే ముందు అన్ని వైపులా ఆరా తీశాను. ఎక్కడా ఏమీ దొరకలేదు. అప్పుడు సంతోషించాను. అదే అతని ఉద్యోగానికి అడ్డమవుతుందని నాకేం తెలుసు?

ఉద్యోగం చర్చిలో, యువజన నాయకుడిగా. ఉద్యోగంతో పాటు చర్చి వెనక రెండు గదులు, ఒక వంటిల్లు ఇచ్చారు. రిటైరయ్యాక నేనూ కూతురి దగ్గరే ఉండిపోయాను. వంటింటి కిటికీ తెరిస్తే ఎదురుగా మీటింగు హాలు పక్క తలుపు. హాల్లో ఎవరు తుమ్మినా నాకు తెలుస్తుంది. అందుకని ఈ సంగతులు నేను ఎవరో చెప్పగా విని చెప్తున్నవి కావు.

మా సంఘంలో యువజన నాయకుడికి పాత జీవితం ఉండాలి. పాత జీవితం అంటే దేవుణ్ణి తెలుసుకోక ముందు గడిపిన జీవితం. అది ఎంత చెడ్డదైతే, దేవుడు తనను మార్చిన సంగతి నలుగురి ముందు చెప్పే సాక్ష్యం అంత బాగుంటుంది. ఇంతకు ముందు పనిచేసినతనికి చాలా గొప్ప పాత జీవితం ఉండేది. తాగుడు, కొట్లాటలు, ఇంట్లోంచి పారిపోవడం, అన్నీ ఉన్నాయి. చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేతి మీద మచ్చ చూపించేవాడు. అది చూపించినప్పుడల్లా హాలు హాలంతా ఊపిరి బిగబట్టేది. నాకు మాత్రం అది వంటింట్లో నూనె చిందితే పడే మచ్చలా కనిపించింది, కాని ఎవరూ నన్ను అడగలేదు. అతన్ని ఇంకా పెద్ద సంఘంవాళ్లు ఎగరేసుకుపోయారు.

ఆ స్థానంలోకి మా అల్లుడు వచ్చాడు. తండ్రి చర్చి తాళాలు చూసుకునేవాడు, తల్లి ఆదివారం బడిలో పాఠాలు చెప్పేది. బైబిలు కాలేజీలో ఫస్టు. కీబోర్డు వాయిస్తాడు. ఒకసారి విన్న పేరు మర్చిపోడు. యువజనుల మీటింగు శుక్రవారాల్లో, మొదటి శుక్రవారం అందరూ అతని సాక్ష్యం కోసం ముందుకు వంగి కూర్చున్నారు. స్కూల్లో ఒకసారి పరీక్షలో పక్కవాడి పేపరు చూశానని, చూశాక మనసు ఒప్పక ఆ జవాబు కొట్టేశానని చెప్పాడు. ముందు వరసలో ఉన్న అమ్మాయి, తర్వాతేమైందని అడిగింది. తర్వాత ఆ పరీక్షలో మార్కులు తగ్గాయని చెప్పాడు. అంతే.

శుక్రవారాలు పల్చబడ్డాయి. చర్చి కమిటీ సెక్రటరీగారి ఇద్దరు కూతుళ్లు వచ్చేవాళ్లు, నాన్న పంపిస్తాడు కాబట్టి. కీబోర్డు నేర్చుకునే అమ్మాయి వచ్చేది. ఇంకో కుర్రాడు వచ్చేవాడు, వాణ్ణి అందరూ పొడుగోడు అంటారు. సెక్రటరీగారికి మెకానిక్ షెడ్డు ఉంది, అందులో పని నేర్చుకుంటున్నాడు. వాడూ తల్లీ అద్దెకుండే గదిలో ఫ్యాను లేదు, మా హాల్లో ఉంది. భక్తి అంతా అక్కడే. వాడి గురించి చెప్పే ముందు వాణ్ణి అడిగాను, సరేనన్నాడు.

అల్లుడు మాత్రం తన పని తను చేసుకుంటూనే ఉన్నాడు. ఎవరికి జ్వరమొచ్చినా వెళ్లి కూర్చునేవాడు. పరీక్షలు రాసే పిల్లల్ని ఉదయమే ఫోన్ చేసి లేపేవాడు. పొడుగోడి తల్లి ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పనిలో ఉంది. ఆవిడ డ్యూటీ మారినప్పుడల్లా వాడు అన్నం ఎక్కడ తింటున్నాడో కనుక్కునేవాడు. ఇవేవీ కమిటీకి కనిపించవు. కమిటీకి కనిపించేది ఖాళీ కుర్చీలు.

ఒకరోజు పాస్టరుగారు పిలిపించి, ఏటా జరిగే యువజనుల ఆదివారం దాకా చూద్దాం బాబూ అన్నారట. చాలా మెత్తగా అన్నారట. ఆయన మెత్తగా అన్నారంటే విషయం గట్టిదే. ఆ స్థానానికి వేరే మనిషిని కూడా చూసి పెట్టుకున్నారని తర్వాత తెలిసింది. అతను జైలుకెళ్లి వచ్చినవాడు. జైలు మాట వినగానే కమిటీలో అందరి ముఖాలూ వికసించాయని పాస్టరమ్మ నాతో చెప్పింది.

మా అమ్మాయికి అప్పుడు ఐదో నెల దాటింది. స్కూల్లో పాఠాలు చెప్పే ఉద్యోగానికి సెలవు పెట్టి ఇంట్లో ఉంది. అల్లుడి ఉద్యోగం పోతే గదులు పోతాయి. పసిబిడ్డను ఎత్తుకుని ఇల్లు వెతుక్కోవడం నాకు ఇష్టం లేదు. ఆ సంగతి అల్లుడి ముందే అన్నాను. అతను తలొంచుకుని తింటూ, అవునండీ అన్నాడు. అతన్ని ఎంత దెప్పినా దెప్పినట్టు ఉండదు. అదొక చిరాకు.

ఆ జైలు మనిషినే ఒక శుక్రవారం ప్రసంగానికి పిలిచారు. ఒకసారి విని చూద్దామని కమిటీ ఆలోచన. గోడల మీద కాగితాలు అంటించారు. ఎక్కడెక్కడి పిల్లలో వచ్చారు, హాలు కిటకిటలాడిపోయింది. తీరా అతను రాలేదు. ఇంకో ఊళ్లో పెద్ద మీటింగు తగిలిందని ఫోన్ చేశాడు. ఆ కబురు హాల్లో పాకేసరికి కుర్చీలు కిర్రుమనడం మొదలైంది. నేను కిటికీ దగ్గర ఉల్లిపాయలు తరుగుతున్నాను. అల్లుడు మైకు పట్టుకుని, లేవబోతున్న పిల్లల వైపు చూశాడు. తర్వాత అన్నాడు, "నేను కూడా ఒకప్పుడు దొంగనే."

కుర్చీల చప్పుడు ఆగిపోయింది. నా కత్తి కూడా ఆగిపోయింది.

ఏం దొంగిలించాడో చెప్పడానికి అతనికి కొంచెం సమయం పట్టింది. నిజంగా దొంగతనం చేసినవాడికి అంత సమయం పట్టదు. పక్క తలుపులోంచి బయటికి చూశాడు. బయట పిల్లల మోటారు సైకిళ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. బండ్లు దొంగిలించేవాణ్ణి అన్నాడు.

మా అల్లుడికి బండి నడపడం రాదు. స్కూటరు మా అమ్మాయి నడుపుతుంది, అతను వెనక కూర్చుని ఆమె బ్యాగు ఒళ్లో పెట్టుకుంటాడు. ఈ సంగతి సంఘమంతటికీ తెలుసు, నవ్వుకునేవాళ్లు కూడా. ఎవరో కుర్రాడు ఆ మాటే అడిగాడు. దొంగిలించిన చేతులతో మళ్లీ హ్యాండిల్ పట్టుకోనని దేవుని ముందు తీర్మానం చేసుకున్నానని అల్లుడు జవాబిచ్చాడు. ఇన్నాళ్లూ చేతకానితనంగా ఉన్నది ఒక్క క్షణంలో పరిశుద్ధత అయిపోయింది.

భోజనాల దగ్గర నేను అడిగాను, "అల్లుడుగారూ, ఏం బండి?"

నోరు జారిందన్నాడు. మా అమ్మాయి అతని వైపు చూడకుండా, "ఎర్ర బండి అన్నారు" అని మజ్జిగ వడ్డించింది. వచ్చే శుక్రవారం సరిదిద్దుకుంటానని మాకిద్దరికీ మాటిచ్చాడు. వచ్చే శుక్రవారం హాలు నిండిపోయింది. అంతమందిని ఒకేసారి నిరాశపరచడం ఎవరికైనా కష్టమే. దిద్దుబాటు ఆ పై వారానికి వాయిదా పడింది. ఆ పై వారం మెట్ల మీద కూడా కూర్చున్నారు.

అబద్ధం ఇంట్లో పెంచుకునే మొక్క లాంటిది కాదు, రోజూ నీళ్లు పొయ్యక్కర్లేదు, అదే పెరుగుతుంది. ఒక బండి పోయి చాలా బండ్లయ్యాయి. ఒక ముఠా వచ్చింది. ముఠాలో అతనికో మారుపేరు కూడా వచ్చింది, అది ఇక్కడ చెప్పలేను, నాకు నవ్వొస్తుంది. అన్నిటికంటే అందరికీ నచ్చింది చివరి ఘట్టం. మారుమనస్సు పొందాక ఆ ఎర్ర బండిని తోసుకుంటూ యజమాని ఇంటికి వెళ్లి తాళం చేతిలో పెట్టాడట. ఆ యజమాని కోప్పడకుండా కౌగిలించుకుని, నీలాంటి కొడుకు నాకుంటే బాగుండేదని ఏడ్చాడట. ఆ యజమాని ప్రతివారం ఇంకొంచెం ఎక్కువ ఏడ్చేవాడు. లేని మనిషే అయినా, వినగా వినగా నాకు కూడా ఆయన మీద అభిమానం ఏర్పడింది.

ఒకరోజు అల్లుడు నా దగ్గరికొచ్చి, తాళం లేకుండా బండి ఎలా స్టార్ట్ చేస్తారో మీకేమైనా తెలుసా అత్తయ్యగారూ అని అడిగాడు. నేను పనిచేసింది హాస్టల్లో అని, జైల్లో కాదని చెప్పాను. ఇది ఎక్కడో తల మీదికొస్తుందని కూడా చెప్పాను. తల ఊపి వెళ్లిపోయాడు.

కమిటీ సంబరం అంతా ఇంతా కాదు. చుట్టుపక్కల సంఘాలు పిలవడం మొదలుపెట్టాయి. యువజనుల ఆదివారం నాడు అల్లుడు తన సాక్ష్యం మొదటి నుంచి చివరి దాకా చెప్పాలని, ఆ రోజే ఉద్యోగం పర్మనెంట్ చేస్తామని నిర్ణయించారు. సెక్రటరీగారు ఎదురుపడితే చాలు, బ్రదర్ వస్తున్నారు, బండ్లకు తాళాలేసుకోండి అని హాస్యమాడేవారు. ఆయన హాస్యానికి ఆయనే ముందు నవ్వుతారు.

ఆ ఆదివారానికి ఇంకా నెల పైగా ఉందనగా, ఒక మధ్యాహ్నం పొడుగోడు వంటింటి గడప దగ్గరికొచ్చి నిలబడ్డాడు. బ్రదర్ ఉన్నారా అమ్మమ్మా అని అడిగాడు. అల్లుడు వచ్చి వాడితో పాటు గడప మీదే కూర్చున్నాడు. ఇద్దరికీ టీ ఇచ్చాను. పొడుగోడు టీ తాగకుండా ప్రశ్నలు మొదలుపెట్టాడు. బండి తిరిగివ్వడానికి పొద్దున వెళ్లారా, సాయంత్రం వెళ్లారా? నడుపుకుంటూ వెళ్లారా, తోసుకుంటూనా? ముందు తాళం ఇచ్చారా, ముందు క్షమాపణ అడిగారా?

హాస్టల్లో పిల్లలు ఏదైనా చేసి వస్తే, మా ఫ్రెండు ఒకమ్మాయి ఉంది మేడమ్ అని మొదలుపెట్టేవాళ్లు. వీడికి ఆ మాత్రం దాపరికం కూడా రాదు. నాకు విషయం అర్థమైపోయింది. అల్లుడి వైపు కళ్లు పెద్దవి చేసి చూశాను. అతనికీ అర్థమైంది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. గడప మీద కూర్చున్నారు, పక్కన అత్తగారు తప్ప ఎవరూ లేరు. అతను ఏమన్నాడో తెలుసా? తోసుకుంటూ వెళ్లురా, తాళం ముందు ఇవ్వు, ఆయన తప్పకుండా అర్థం చేసుకుంటాడు అన్నాడు.

పొడుగోడు అప్పుడు టీ తాగాడు. చల్లారిపోయిన టీ ఒక్క గుక్కలో తాగి, తేలికపడ్డ ముఖంతో వెళ్లిపోయాడు.

"ఆయనంటే ఏ ఆయన?" అని అల్లుణ్ణి అడిగాను. తిరిగివ్వడం మంచిదే కదండీ అన్నాడు. తిరిగివ్వడం మంచిదే, కౌగిలించుకుంటాడని ఎవరు హామీ ఇచ్చారని అడిగాను. నాకు ఒళ్లు మండిపోయి గిన్నెలన్నీ చప్పుడయ్యేలా కడిగాను.

మర్నాడు పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. పొడుగోడు అల్లుడి నంబరే ఇచ్చాడట. నేనూ బయల్దేరాను. హాస్టల్ రోజుల్లో స్టేషన్ మెట్లు చాలాసార్లు ఎక్కాను, పోలీసులతో ఎలా మాట్లాడాలో నాకు తెలుసు. అల్లుడు వాళ్లకు కూడా వందనాలు చెప్పే రకం.

జరిగింది ఇది. గ్యాస్ స్టవ్వులు రిపేరు చేసే ఒకాయన ఒక అపార్ట్‌మెంటు ముందు బండి ఆపి, తాళం బండికే వదిలేసి పైకి వెళ్లాడు. పొడుగోడు అటు పోతూ చూశాడు. ఒక్క రౌండు వేసి పెట్టేద్దామనుకున్నాడు. తిరిగొచ్చేసరికి అక్కడ జనం పోగయ్యారు. భయపడి, బండిని సెక్రటరీగారి షెడ్డు వెనక తుక్కు బండ్ల మధ్య పెట్టి పట్టా కప్పేశాడు. మెకానిక్ షెడ్డులో ఒక బండి ఎక్కువుంటే ఎవరు పట్టించుకుంటారు? అక్కడే పట్టా చిరుగుల్లోంచి వారాల తరబడి వాననీళ్లు కారి ఇంజిన్ బిగుసుకుపోయింది. ఆ స్టవ్వులాయన అప్పట్నుంచీ పనిముట్ల సంచులు భుజాన వేసుకుని ఇంటింటికీ నడుస్తున్నాడు. అలాంటి మనిషి గుమ్మంలోకి పొడుగోడు బండి తోసుకుంటూ వెళ్లి, తాళం ముందు ఇచ్చి, కౌగిలింత కోసం నిలబడ్డాడు. ఆయన రెండు చెంపలూ వాయించి చొక్కా పట్టుకుని స్టేషన్‌కు ఈడ్చుకొచ్చాడు. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని.

పొడుగోడు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చెంప కమిలిపోయింది. మమ్మల్ని చూసి లేవబోయాడు. వాడికి అల్లుడి మీద కోపం లేదు, అదే నేను చూడలేకపోయాను. చాలా శ్రద్ధగా అడిగాడు.

"బ్రదర్, మీరు ఆయనతో ఇంకా ఏమైనా అన్నారా? నేను ఏదో మర్చిపోయినట్టున్నాను."

అల్లుడు వాడి పక్కన కూర్చున్నాడు.

"నువ్వేమీ మర్చిపోలేదురా. అసలు ఆయన లేడు. నేనెప్పుడూ బండి దొంగిలించలేదు."

పొడుగోడు అది విని కొంచెం ఆలోచించాడు. "మరి బండి నడపరెందుకు?"

"రాదు."

దానికి వాడు నవ్వలేదు. తిట్టనూ లేదు. కమిలిన చెంప ఒకసారి తడుముకుని, ఇప్పుడేం చెయ్యాలి అని అడిగాడు. నాకు తెలీదురా అని చెప్పాడు అల్లుడు. తెలీదన్నాడు కాని లేవలేదు. ఆ బెంచీ మీద ఇద్దరూ పక్కపక్కన అలాగే కూర్చున్నారు. అతను ఆ సంఘంలో చేరినప్పట్నుంచీ మైకు పట్టుకుని చెప్పిన మాటలన్నీ ఒక ఎత్తు, ఈ తెలీదన్న మాట ఒక ఎత్తు.

మాట్లాడాల్సింది నేను మాట్లాడాను. బండి దొరికింది కాబట్టి కేసు వద్దని స్టవ్వులాయన చివరికి ఒప్పుకున్నాడు. కాని ఒక షరతు పెట్టాడు. బండి బాగయ్యేదాకా కుర్రాడు ఆయన సంచులు మొయ్యాలి, బండిని కూడా వాడే బాగుచెయ్యాలి. పొడుగోడు అన్నిటికీ ఒప్పుకున్నాడు. ఒక్కటే బతిమాలాడు, సెక్రటరీగారికి తెలియనివ్వొద్దని. దొంగ బండి తన షెడ్డులో ఉందని తెలిస్తే ఆయన వాణ్ణి ఆ పూటే తరిమేస్తాడు. ఆయన తరిమేసినవాణ్ణి ఇంకో షెడ్డులో పెట్టుకోరు. స్టవ్వులాయన, నాకు ఊరంతా దండోరా వేసే తీరిక లేదు, సంచి మోస్తే చాలన్నాడు.

మర్నాటి నుంచి పొద్దున్నే పొడుగోడు ఒక సంచి, మా అల్లుడు ఒక సంచి మోసుకుంటూ ఆయన వెనక తిరిగారు. అల్లుణ్ణి ఎవరూ తిరగమనలేదు. సంచిలో బర్నర్లు, పైపులు, పానాలు, బరువు బాగానే ఉంటుంది. షెడ్డు తెరిచే వేళకు పొడుగోడు పనిలోకి వెళ్లిపోయేవాడు, సాయంత్రం స్టవ్వులాయన పెరట్లో కూర్చుని ఇంజిన్ విప్పేవాడు. అల్లుడు పక్కన కూర్చుని నట్లు అందించేవాడు, సాధారణంగా తప్పు నట్లు. ఆ స్టవ్వులాయన ఎవరినీ కౌగిలించుకోలేదు. నవ్విన పాపాన కూడా పోలేదు. బండి స్టార్టయిన రోజున మాత్రం, ఈ పొడుగోడి చెయ్యి మంచిది అని అల్లుడితో అన్నాడట. అల్లుడు ఆ మాట ఇంటికొచ్చి మాకు చెప్పినప్పుడు, అతనికి ఫస్టు ర్యాంకు వచ్చినప్పుడు కూడా అంత సంతోషపడి ఉండడనిపించింది.

శుక్రవారాల్లో సాక్ష్యం చెప్పడం మానేశాడు. వాక్యం చదివి వివరించేవాడు. మెట్లు ఖాళీ అయ్యాయి, కాని కమిటీ కంగారుపడలేదు. అసలుదంతా ఆదివారానికి దాచుకుంటున్నాడని అనుకున్నారు.

ఆదివారానికి ముందు మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి, నిజం చెప్పేస్తానన్నాడు. మా అమ్మాయి, చెప్పండి, గదులు ఎక్కడైనా దొరుకుతాయంది. నాకు మా సంఘం సంగతి బాగా తెలుసు. నేనొక సలహా ఇచ్చాను. చెప్తే మొత్తం చెప్పండి, స్టేషనూ, బెంచీ, ఆ కుర్రాడు అడిగిన మాటా, సంచి మొయ్యడమూ అన్నీ చెప్పండి అన్నాను. అబద్ధమాడిన నాయకుడు, ఆ అబద్ధాన్ని నమ్మి దెబ్బలు తిన్న కుర్రాడు, ఇద్దరూ కలిసి సంచులు మొయ్యడం. ఇంతకంటే మంచి సాక్ష్యం ఆ జైలు మనిషి దగ్గర కూడా ఉండదు. జనం ఏడుస్తారు, కమిటీ ఏడుస్తుంది, ఉద్యోగం పర్మనెంట్ అవుతుంది. ఇన్నాళ్లకు మా అల్లుడికి ఒక పాత జీవితం దొరికింది, అదీ నిజమైనది.

"అందులో సగం వాడిది అత్తయ్యగారూ" అన్నాడు. "వాడి సగం నేనెలా చెప్తాను?"

పేరు చెప్పొద్దన్నాను. పొడుగ్గా ఉంటాడు, మెకానిక్ పని చేస్తాడు, చెంప కమిలింది, సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోతుందన్నాడు. మీ సగం ఒక్కటే చెప్తే ఏమొస్తుందని అడిగాను. ఏమీ రాదండీ అన్నాడు. నాకు కోపం ముంచుకొచ్చింది. ఆ కోపంలో అన్న మాటలు ఇక్కడ అనవసరం. పసిబిడ్డ, అద్దె ఇల్లు అనే మాటలు మాత్రం చాలాసార్లు వచ్చాయి.

ఆదివారం హాలు ఎప్పుడూ లేనంతగా నిండింది. ముందు వరసలో కమిటీ, మధ్యలో సెక్రటరీగారు కొత్త చొక్కాలో. పొడుగోడు చివరి వరసలో. నేను, మా అమ్మాయి గోడవారన కూర్చున్నాం. అల్లుడు మైకు తీసుకున్నాడు.

"నేను ఎప్పుడూ ఏ బండీ దొంగిలించలేదు. నాకు బండి నడపడం రాదు. మీ అందరికీ అబద్ధం చెప్పాను. నన్ను క్షమించండి."

కొందరు నవ్వారు. అసలు కథకు ఇది ఉపోద్ఘాతం అనుకున్నారు. అతను ఇంకేమీ చెప్పకపోయేసరికి నవ్వు దానంతటదే ఆగిపోయింది. పాస్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

సెక్రటరీగారు లేచారు. నిజం చెప్పొద్దూ, ఆయన కోపంగా లేవలేదు. దారి చూపిద్దామనే లేచారు. ఇన్నాళ్లూ చెప్పి ఈ రోజు ఒప్పుకుంటున్నారంటే దేవుడు మీతో ఏదో మాట్లాడి ఉండాలి, మధ్యలో ఏదో జరిగి ఉండాలి, అది సంఘానికి చెప్పండి బ్రదర్ అన్నారు. హాలంతా చెవులు రిక్కించింది. చేతిరుమాళ్లు బయటికొచ్చాయి. కీబోర్డు దగ్గర కూర్చున్న అమ్మాయి అలవాటు కొద్దీ మెల్లగా ఏడుపు స్వరాలు వాయించడం కూడా మొదలుపెట్టింది. ఒక్క ముక్క చెప్తే చాలు, అంతా చక్కబడుతుంది. చెప్పు నాయనా అని నేను మనసులో అనుకున్నాను. అల్లుడు మైకు పట్టుకుని అలా నిలబడిపోయాడు.

అప్పుడు చివరి వరసలో పొడుగోడు లేచాడు.

వాడు లేస్తే కనిపించకుండా ఎలా ఉంటాడు? అయ్యగారూ, నేను, అని మొదలుపెట్టాడు. ముందు వరసలోంచి సెక్రటరీగారు ఎవరా అని వెనక్కి తిరగబోయారు.

"అందరం లేచి నిలబడదాం" అన్నాడు అల్లుడు మైకులో, గట్టిగా. "ప్రార్థన చేసుకుందాం."

మా సంఘంలో ఆ మాట వినబడితే ఎవరూ ఆలోచించరు. కుర్చీలు జరిగాయి, అందరూ లేచారు, తలలు వంచారు, కళ్లు మూసుకున్నారు. సెక్రటరీగారు తిరగబోయినవారల్లా ముందుకు తిరిగి కళ్లు మూసుకున్నారు. ఒక్కడే నిలబడ్డ కుర్రాడు ఇప్పుడు అందరిలో ఒకడయ్యాడు. వాడి తల మాత్రం మిగతా తలలకు పైన కనిపిస్తూనే ఉంది, నోరు ఇంకా తెరిచే ఉంది.

నేను కళ్లు మూసుకోలేదు. అల్లుడూ మూసుకోలేదు. వాడి వైపే చూస్తూ ప్రార్థన చేశాడు. మామూలుగా అతని ప్రార్థనలు పొట్టివి, దాని మీద కూడా కమిటీలో ఫిర్యాదు ఉంది. ఆ రోజు ఎంతకీ ఆపలేదు. రోగుల కోసం చేశాడు, ప్రయాణాల్లో ఉన్నవాళ్ల కోసం చేశాడు, పరీక్షలు రాసేవాళ్ల కోసం, అధికారుల కోసం, పంటల కోసం, వానల కోసం చేశాడు. ఇంకేమీ మిగలక కొత్త హాలు కట్టడం కోసం కూడా చేశాడు. మాటలు దేవుడితో, కళ్లు వాడితో. వద్దన్నట్టు మధ్యలో ఒకసారి తల అడ్డంగా ఊపాడు. మా అమ్మాయి నిండు నెలలతో అంతసేపూ నిలబడే ఉంది. పొడుగోడి నోరు మూతపడింది. తర్వాత చాలాసేపటికి, వాడి తల వంగింది. మిగతా తలల్లో కలిసిపోయింది.

అప్పుడు ఆమేన్ అన్నాడు.

కమిటీ ఆ సాయంత్రమే కూర్చుంది. ఎక్కువసేపు కూర్చోలేదు. సెక్రటరీగారు హాలు బయట నా దగ్గరికొచ్చి, పెద్దమనిషి తరహాలో చేతులు వెనక కట్టుకుని నిలబడ్డారు. ఆయన పక్కనే పొడుగోడు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు.

"మంచివాడేనమ్మా మీ అల్లుడు" అన్నారు సెక్రటరీగారు. "కాని యువకులతో పని చెయ్యడం అందరి వల్లా అయ్యేది కాదు. దానికో వరం ఉండాలి."

పొడుగోడి చేతుల్లో కుర్చీ ఆగిపోయింది. నా నోటికి తాళం లేదని హాస్టల్లో మూడు తరాల పిల్లలు చెప్పుకునేవాళ్లు. అప్పుడు నా నాలుక చివర ఎన్ని మాటలున్నాయో నాకే తెలుసు. పొడుగోడు నా వైపు చూశాడు.

"అవునండీ" అన్నాను. "మా అల్లుడికి ఆ వరం లేదు."

అని ఇంట్లోకి వచ్చాను. అల్లుడు సామాను సర్దడానికి అట్టపెట్టెలు దింపుతున్నాడు. ఏమన్నారండీ అని అడిగాడు. ఏమీ అనలేదు, ముందు కూర్చుని అన్నం తినండి నాయనా అన్నాను. పళ్లెం పెట్టి, ఎదురుగా కూర్చుని, అతను తింటున్నంతసేపూ ఏడ్చాను. ఉల్లిపాయలు తరుగుతున్నానని చెప్పడానికి కూడా చేతిలో ఏమీ లేదు.